పికప్పు కప్పుకు పద్యం, పద్యానికి టీక

తీగ నేరుగాను తెచ్చి బ్యాటరినుండి
రెండు కొసల ఫ్యూజు లుండవలయు
కప్పు నడుమ మొలవ కడ్డి యొక్కటి చాలు
మాట వెడలునపుడు మంట రాదు

అవతారిక: ఈ ఆటవెలది ఎవరిదన్న విషయంలో పండితుల మధ్య తగవు లేదు. టీకాకారుడే అల్లుకున్నాడు. మూలం దొరకనప్పుడు వ్యాఖ్యానం రాయాలని చేతులు దురదపెట్టేవాడికి వేరే దారి లేదు. సందర్భం మాత్రం కల్పితం కాదు. అమెరికాలో పికప్పు కొని, అందులో మాట్లాడే రేడియో బిగించుకోవాలని ముచ్చటపడే ప్రతివాడికీ వచ్చే ధర్మసందేహాల్లోంచి ఈ నాలుగు పాదాలు పుట్టాయి.

పికప్పు అంటే మనవైపు మదనపల్లె మార్కెట్టుకు టమాటా మోసే బండి. అక్కడ అది ఇంటి బండి. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిను, వెనక తొట్టి. ఆ తొట్టిలో సరుకు కన్నా గాలే ఎక్కువసార్లు ప్రయాణం చేస్తుంది. ఫోర్డు ఎఫ్ శ్రేణి పికప్పులు దశాబ్దాలుగా ఆ దేశపు అమ్మకాల్లో ముందు వరసలో ఉంటున్నాయంటే ఆ మోజు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇక రేడియో. పాటలు వినే రేడియో కాదు, మైకు నొక్కి మాట్లాడేది. అందులోనూ జాతులున్నాయి. లారీ డ్రైవర్లు వాడే సీబీకి పరీక్షా లేదు, లైసెన్సూ లేదు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర 40 ఛానళ్లు, ఏఎం పద్ధతిలో 4 వాట్ల శక్తి. 1958లో మొదలైన ఈ బ్యాండుకు 1977 దాకా 23 ఛానళ్లే ఉండేవి. డెబ్బైల్లో చమురు కటకట వచ్చి, దేశమంతా గంటకు 55 మైళ్లు దాటకూడదని ఆంక్ష పెట్టాక, పోలీసులు ఏ మలుపులో కాపు కాశారో ఒకరికొకరు చెప్పుకోవడానికి లారీవాళ్లు దీన్ని పట్టుకున్నారు. జీఎంఆర్ఎస్ అని మరొకటి ఉంది. 35 డాలర్లు కడితే పదేళ్ల లైసెన్సు, పరీక్ష లేదు, ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు. మూడోది హ్యామ్ రేడియో. దీనికి పరీక్ష రాసి ప్యాసవాలి, ప్యాసైనవాడికి ప్రభుత్వం ఒక పిలుపు సంకేతం ఇస్తుంది. ఒకే బండిలో ఈ మూడూ పెట్టుకునే మహానుభావులు అరుదేమీ కాదు. అసలు చిక్కంతా అక్కడే.

మొదటివారం ఆ బండి లోపలికి తొంగిచూస్తే దృశ్యం ఇలా ఉంటుంది. సిగరెట్ లైటరు బొక్కలో ఒక ప్లగ్గు. దాన్నుంచి బయల్దేరిన వైరు గేరు కడ్డీని చుట్టి, కాఫీ గ్లాసు పెట్టే గుంట మీదుగా పక్క సీటు కాళ్లదగ్గరికి పోతుంది. రేడియో అక్కడే పడి ఉంటుంది, పక్కన కూర్చునే ఇల్లాలి చెప్పుల మధ్య. టాపు మీద అయస్కాంతం అడుగున్న యాంటెన్నా. దాని కేబులు డోరుకీ రబ్బరుకీ మధ్యన నలిగి లోపలికి వచ్చి ఉంటుంది. తలుపు వేసిన ప్రతిసారీ అది ఇంకాస్త చదునవుతుంది. వాన పడితే ఆ కేబులు వెంటే నీటిబొట్టు ఒకటి మోకాలి మీదికి దిగుతుంది. ఈ స్థితి నుంచి యజమానిని ఉద్ధరించడమే పద్యానికి ప్రయోజనం.

ప్రతిపదార్థం: తీగ = ఎరుపు నలుపు జంట రాగి తీగ; నేరుగాను = దారిలో బండి తాలూకు మరే వైరునూ ఆశ్రయించక; బ్యాటరినుండి = బోనెట్ కింది బ్యాటరీ నుంచి (దీర్ఘం గణం కోసం పోయింది, చార్జింగు పోలేదు); తెచ్చి = క్యాబిన్లోకి లాగి; రెండు కొసల = దీనిపై వాదముంది, చూడు క్రింద; ఫ్యూజులు = ఫ్యూజులే; ఉండవలయు = విధి, ఐచ్ఛికం కాదు; కప్పు నడుమ = టాపు రేకుకు నట్టనడుమ; మొలవ = మొలిచినట్టుండగా, అనగా అతికించినట్టు కాక; కడ్డి యొక్కటి = యాంటెన్నా ఒకటే; చాలు = సరిపోవును; మాట వెడలునపుడు = మైకు నొక్కి మాట్లాడునప్పుడు; మంట రాదు = అగ్నిప్రమాదము కలుగదు.

తాత్పర్యం: స్పష్టం. విశేషాలే బోలెడు.

ముందు ‘నేరుగాను’ సంగతి. 50 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు పది ఆంపియర్లకు అటూ ఇటూగా లాగుతుంది. దూరదేశాలతో మాట్లాడే 100 వాట్ల హెచ్‌ఎఫ్ రేడియో ఇరవై దాటి లాగుతుంది. లైటరు బొక్క వెనకున్న సన్నటి వైరు ఫోను చార్జింగుకు సరిపోతుంది, ఇంత భారానికి కాదు. బ్యాటరీ నుంచి వెనక సీటు దాకా పదిహేను అడుగులనుకుందాం. రానూ పోనూ ముప్పై. అమెరికా కొలతలో 14 నంబరు తీగ వేసి ఇరవై ఆంపియర్లు లాగితే దారిలోనే ఒకటిన్నర వోల్టు పోతుంది. 10 నంబరు వేస్తే పోయేది 0.6 వోల్టే. (ఆ కొలతలో నంబరు తగ్గేకొద్దీ తీగ లావెక్కుతుంది. ఇది తెలియక పెద్ద నంబరు కొని మురిసిపోయినవాళ్లున్నారు.) ఇంజను ఆపి, 12.6 వోల్టుల మీదున్న బ్యాటరీతో మాట్లాడుతున్నాడనుకోండి. సన్న తీగ కొసన మిగిలేది 11.1. ఇలాంటి రేడియోలు చాలావాటికి 13.8 వోల్టులకు పదిహేను శాతం అటూ ఇటూ ఉంటేనే నడక సరిగ్గా ఉంటుంది, అంటే 11.7 కన్నా దిగకూడదు. వినేటప్పుడు రేడియో బుద్ధిగానే ఉంటుంది. మాట గట్టిగా పలికినప్పుడల్లా గొంతు గరగరమంటుంది, లేదా పెట్టె ఆరిపోతుంది. యజమాని రేడియోను తిడతాడు. తప్పు తీగది.

‘తెచ్చి’ అని కవి ఒక్క క్రియలో తేల్చేశాడు గానీ, పనివాడికి పూట పట్టేది అక్కడే. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న ఇనుప గోడను దాటాలి. కంపెనీవాళ్లు తమ వైర్లు దాటించిన చోట పెద్ద రబ్బరు బుష్షు ఉంటుంది. దాంట్లో ఒక మూల చిన్న గాటు పెట్టి, అందులోంచి తీగను పోనిస్తే వాన నీరు రాదు, రేకు అంచు తీగ తోలును కోయదు. కొత్త బెజ్జం వేయక తప్పకపోతే రబ్బరు బుష్షు లేకుండా తీగను వదలకూడదు. ఇనుప అంచు మీద ఆరునెల్లు అదురుతూ ఉన్న ఎర్ర తీగ ఏం చేస్తుందో నాలుగో పాదం చెబుతూనే ఉంది. ఇంజను వైపు తీగకు ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. సైలెన్సరు గొట్టానికీ స్టీరింగు కడ్డీకీ దూరంగా నడిపించి, జానెడుకో జానెడున్నరకో ఒక ప్లాస్టిక్ కట్టు వేయాలి. లోపల, తలుపు గుమ్మం మీది ప్లాస్టిక్ పట్టీ చేత్తో పైకి లాగితే టక్కున ఊడి వస్తుంది. దాని కింద కంపెనీ వైర్లు పోయే కాలువ ఉంటుంది, మన తీగా అందులోనే పడుకుంటుంది. కార్ల కంపెనీలు వాడే నూగు గుడ్డ టేపు చుడితే గతుకుల రోడ్డు మీద ప్లాస్టిక్‌కు కొట్టుకుని కిటకిటలాడదు. చేయెత్తి దణ్ణం పెట్టి తప్పుకోవాల్సిన చోటు ఒకటుంది: కిటికీల పైన, స్తంభాల వెంట మడిచి దాచిన పక్క ఎయిర్‌బ్యాగు. దానికి అడ్డంగా తీగ వేయకూడదు, వెనకగానే పోవాలి.

ఇప్పుడు రెండో పాదంలో వాదం. పూర్వపక్షి లేచి అంటాడు: ‘రెండు కొసల’ అంటే ఒకే తీగకు అటు చివరా ఇటు చివరా ఫ్యూజులా? అది శాస్త్రం కాదే! ఎర్ర తీగకొకటి, నల్ల తీగకొకటి కావాలి. కాబట్టి ‘రెండు తీగల’ అన్నదే సరైన పాఠం. సమాధానం: అలా దిద్దితే సూర్యగణం భంగమవుతుంది. ఫ్యూజు పోతే ఇంకోటి వేసుకోవచ్చు, గణం పోతే పద్యమే పోతుంది. ‘కొసల’ అంటే బ్యాటరీకి తగిలే రెండు కొసలని అన్వయించుకుంటే అర్థమూ నిలుస్తుంది, ఆటవెలదీ నిలుస్తుంది. ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఎందుకుండాలన్న ప్రశ్నకూ ఇందులోనే జవాబుంది. అది కాపాడేది రేడియోను కాదు, తీగను. దారిలో ఎక్కడ తీగ ఒరుసుకుని బాడీకి తగిలినా, తగిలిన చోటికి ముందే ఫ్యూజు ఉంటేనే పని చేస్తుంది. రేడియో పక్కన పెట్టిన ఫ్యూజు అంత దూరం తీగ కాలుతుంటే చూస్తూ కూర్చుంటుంది.

నల్ల తీగకు ఫ్యూజు ఎందుకని మళ్లీ ఆక్షేపణ. బ్యాటరీ నుంచి ఇంజనుకు పోయే లావుపాటి ఎర్తు తీగ వదులైందనుకోండి. స్టార్టరు లాగే వందల ఆంపియర్లు మరో దారి వెతుక్కుంటాయి. యాంటెన్నా కేబులు పైతొడుగు బాడీకి తగిలే ఉంటుంది, అది రేడియో పెట్టెకు తగిలి ఉంటుంది, పెట్టె నుంచి నల్ల తీగ తిన్నగా బ్యాటరీకి పోతుంది. దారి సిద్ధం. అందుకని ప్రాచీనులు నల్ల తీగకూ ఫ్యూజు వేయమన్నారు. నవ్యుల మతం వేరు. ఈ కాలపు పికప్పుల్లో బ్యాటరీ మైనస్ కొస మీద కరెంటును లెక్కపెట్టే సెన్సారు ఒకటి కూర్చుని ఉంటుంది. నల్ల తీగను నేరుగా ఆ కొసకే బిగిస్తే, రేడియో తాగిన కరెంటు దాని లెక్కలోకి రాదు, బ్యాటరీ నిండుగా ఉందనుకుని బండి మోసపోతుంది. కాబట్టి ఎర్ర తీగ బ్యాటరీకి, నల్లది మాత్రం బ్యాటరీ ఎర్తు వైరు బాడీకి కలిసే బోల్టు దగ్గరకు అంటారు. అప్పుడు నల్ల తీగకు ఫ్యూజు అక్కర్లేదు. ఈ టీకాకారుడు నవ్యుల పక్షమే. పద్యం ప్రాచీనుల పక్షం. ఛందస్సుకు సెన్సార్ల సంగతి తెలియదు.

‘మంట రాదు’ అన్నది అతిశయోక్తి అని కొట్టిపారేయడానికి లేదు. గాల్విన్ సోదరులు షికాగోలో కంపెనీ పెట్టి 1930లో మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చిన రోజుల కథ ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పు కోసం వెళ్లిన బ్యాంకరుగారి ప్యాకార్డు కారులో మచ్చుకో రేడియో బిగించి ఇచ్చారట. అరగంట తిరక్కుండా కారు అంటుకుందట. అప్పు పుట్టలేదట. కథలో నిజమెంతో గానీ, బండిలో రేడియో బిగించే ప్రతివాడూ తెలుసుకోవలసిన కథే.

కవి చెప్పకుండా వదిలేసింది ఒకటుంది, అధ్యాహారం చేసుకోవాలి. రేడియో ఎక్కడ? ఈ కాలపు రేడియోలు చాలావాటికి తలా మొండెమూ విడివడతాయి. అంకెలు కనిపించే ముఖం డ్యాష్‌బోర్డు మీద, బరువైన పెట్టె వెనక సీటు కింద, మధ్యలో సన్నటి కేబులు. ఐకామ్ ఐసీ-7100 లాంటివి ముఖం విడిగానే పుట్టాయి. ఇది అందం కోసం మాత్రమే కాదు. డ్యాష్‌బోర్డు మీద పూర్తి పెట్టె పెడితే ఎయిర్‌బ్యాగు దారికి అడ్డం. కాళ్లదగ్గర పెడితే తెర చూడటానికి డ్రైవరు తల వంచాలి. అయితే రెండు సంగతులు. కొన్ని మోడళ్లలో మైకు మొండేనికే తగిలించాలి, పొడుగు తీగ వేరే కొనాలి, ఇది డబ్బు కట్టాక తెలిసే విషయం. రెండోది, సీటు కింద దాచామని కార్పెట్‌తో కప్పేస్తే ఫ్యానుకు ఊపిరాడదు, పెట్టె కాగిపోతుంది.

మూడో పాదం దగ్గర యజమాని గుండె జారుతుంది. కప్పు నడుమ మొలవాలంటే కప్పుకు బెజ్జం పడాలి. యాభై అరవై వేల డాలర్ల కొత్త బండి, ఇంకా వాయిదాలే మొదలుకాలేదు, దాని టాపుకు డ్రిల్లు! ఈ ఒక్క భయం నుంచే పైన చెప్పిన గలీజంతా పుట్టిందని ఈ వ్యాఖ్యాత గట్టి నమ్మకం. బెజ్జానికి భయపడినవాడు అయస్కాంతం కొంటాడు, అయస్కాంతం పెట్టినవాడు కేబులును డోరులోంచి నలుపుతాడు, నలిగిన కేబులు రోడ్డు దుమ్ములో రంగు గీస్తుంది. ఏడాదికల్లా అయస్కాంతం కింద గుండ్రటి మచ్చ. బండిని బెజ్జం నుంచి కాపాడాలనుకుని, దానికి తీరికగా చర్మవ్యాధి తెప్పించినట్టు.

ఫోర్డు 2015 మోడలుతో ఎఫ్-150 బాడీని అల్యూమినియంతో చేయడం మొదలుపెట్టింది. అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదు. ఎంతోమంది పాత యాంటెన్నా తెచ్చి కొత్త టాపు మీద పెట్టి, చేయి తీయగానే అది జారిపోతే తెల్లబోయారు. బోనెట్ అంచుకు మరలతో బిగించే బ్రాకెట్లు, తొట్టి గోడ పైనున్న చదరపు గుంటల్లో కూర్చునే బ్రాకెట్లు అలాంటివాళ్లకు ఆసరా. పని చేస్తాయి, కానీ పక్కదారే.

నడుమే ఎందుకు? 146 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం కడ్డీ 49 సెంటీమీటర్లు. ఆ కడ్డీ యాంటెన్నాలో సగమే. మిగతా సగం కింద ఉన్న రేకు. కడ్డీకి నాలుగు వైపులా కనీసం దాని పొడవంత లోహం పరుచుకుని ఉంటే మాట అన్ని దిక్కులకూ సమానంగా పోతుంది. బంపరు మూల పెడితే బండి ఉన్న వైపు ఎక్కువా, లేని వైపు తక్కువా వెళ్తుంది. ఊరు ఎడమన ఉందో కుడిన ఉందో చూసి బండి తిప్పుకోవాలి. టాపు అల్యూమినియమైనా ఈ పని చక్కగా చేస్తుంది. అద్దాల కప్పున్న బండి మాత్రం చేయదు. ఆకాశం చూడాలని ఎక్కువ డబ్బిచ్చి అద్దం వేయించుకున్నవాడు, ఆ ఆకాశంలోకి మాట పంపడానికి బోనెట్ అంచు వెతుక్కోవాలి.

బెజ్జం వేసే విధానం. ఎన్‌ఎంఓ అనే బిగింపుకు కావలసింది ముప్పాతిక అంగుళం, సుమారు 19 మిల్లీమీటర్లు. ఈ బిగింపును మొదట తెచ్చిందీ ఆ మోటరోలావాళ్లే. లోపలి పైకప్పు గుడ్డను లైటు దగ్గర ఊడదీసి, కాస్త కిందికి దించి, పైన రేకుకు పక్కటెముకలెక్కడున్నాయో వేలితో తడిమి చూడాలి. బయట కాగితపు టేపు అంటించి, అడ్డం నిలువు కొలిచి, పెన్సిలుతో ఇంటూ గుర్తు. గుండ్రటి రంపం ఉన్న డ్రిల్లు పెడతారు. రేకు తెగగానే లోపలికి దూసుకుపోకుండా దాని మెడకు అడ్డు కంటె ఉంటుంది. అది లేని డ్రిల్లు గుడ్డను కూడా తెంపుకుని డ్రైవరు నెత్తిన దిగుతుంది. పొట్టు వాక్యూమ్‌తోనే ఎత్తాలి, అల్యూమినియం పొట్టును ఏ అయస్కాంతమూ ఏరిపెట్టదు. బెజ్జం లోపలివైపు అంచున మాత్రం రంగు గీకాలి, బిగింపు పళ్లు లోహాన్ని పట్టుకోవడానికి. పైన రబ్బరు రింగు నీటిని ఆపుతుంది. కేబులు గుడ్డ వెనకగా, వెనక స్తంభంలోంచి సీటు కిందికి. కంటికి కనిపించేది టాపు మీద నాణెమంత చక్రం, దానిపై కడ్డీ. బండి అమ్మేనాడు కడ్డీ తిప్పి తీసేసి నల్ల మూత బిగిస్తే సరి.

‘చేతిలో సెల్లుండగా ఈ తిప్పలన్నీ దేనికి?’ అని అడిగేవాళ్లకు అంత దూరం పోకుండానే జవాబు ఉంది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం 2004 డిసెంబరులో అండమాన్‌లో ఉంది. భారతి ప్రసాద్, పిలుపు సంకేతం వీయూ2ఆర్‌బీఐ, దాని నాయకురాలు. దీవుల నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో సరదాగా మాట్లాడటానికి వెళ్లినవాళ్లు. 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాక, పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు మోసింది వాళ్ల రేడియోలే. మన దేశంలోనూ 2005 నుంచి 27 మెగాహెర్ట్జ్ సీబీని 5 వాట్ల లోపు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. మన లారీవాళ్లు మాత్రం దాన్ని పట్టించుకోలేదు. హారన్ ఉండగా మరో భాష ఎందుకని కాబోలు.

‘మాట వెడలునపుడు’ అన్నాడు గానీ, మాట వచ్చేటప్పుడు సంగతి కవి ఎత్తలేదు. ఇంజను స్టార్టు కాగానే ఆల్టర్నేటరు సన్నగా ఈలవేస్తుంది, వేగం పెరిగితే శ్రుతీ పెంచుతుంది. పెట్రోలు పంపు బరబరమంటుంది. పికప్పుకు ఇంకో పేచీ కూడా ఉంది. క్యాబిను, తొట్టి, బోనెట్, పొగగొట్టం అన్నీ ఒకే లోహంగా కనిపిస్తాయి గానీ, క్యాబిను రబ్బరు దిండ్ల మీదా, పొగగొట్టం రబ్బరు ఉయ్యాలల్లోనూ ఉంటాయి. విద్యుత్తు దృష్టిలో ఎవరి సంసారం వారిది. అల్లిక రాగి పట్టీలతో వాటిని ఛాసిస్‌కు కలిపితే రొద తగ్గుతుంది, హెచ్‌ఎఫ్ యాంటెన్నాకు కింది సగం పెద్దదవుతుంది. నేల మీద వెల్లకిలా పడుకుని చేయాల్సిన ఈ పనిని బిగింపువాళ్లలో సగం మంది ఎగ్గొడతారు, అది బయటికి కనిపించదు కనుక.

ఇక మిగిలింది ‘ఒక్కటి చాలు’. ఈ మాటను పాటించిన యజమాని అరుదు. సీబీకొకటి, జీఎంఆర్ఎస్‌కొకటి, హ్యామ్‌కు రెండు అంటూ టాపు నిండా నాటేవాళ్లే ఎక్కువ. దగ్గర దగ్గరగా నాటిన కడ్డీలు ఒకదాని తరంగాలను ఒకటి చెడగొడతాయి. నిజానికి ఎన్‌ఎంఓ బెజ్జం ఒకటుంటే కడ్డీ తిప్పి తీసి మరొకటి బిగించుకోవచ్చు. ఇవాళ 49 సెంటీమీటర్లది, రేపు పొట్టిది. బహుళ అంతస్తుల పార్కింగుకు పోయేనాడు ఏదీ లేకుండా. పికప్పు టాపే రెండు మీటర్ల ఎత్తు. పైన కడ్డీ ఉంటే ప్రతి కాంక్రీటు దూలానికీ టక్కుమని నమస్కారం పెడుతూ పోతుంది.

సీబీకి పావు తరంగం 2.7 మీటర్లు. అది టాపు మీద నిలబడదు కాబట్టి చుట్టలు చుట్టి పొట్టి చేసినదాంతో సర్దుకుంటారు. హ్యామ్‌ల 40 మీటర్ల బ్యాండుకైతే పావు తరంగమే పది మీటర్లు. దాన్ని తొట్టి మూలన మనిషెత్తు గొట్టంలో ఇమిడ్చి, లోపలి చుట్టను చిన్న మోటారుతో పైకీ కిందికీ జరిపే యాంటెన్నాలను స్క్రూడ్రైవరు యాంటెన్నాలంటారు. బ్యాటరీతో తిరిగే స్క్రూడ్రైవరు మోటారునే మొదట్లో అందుకు వాడారు. డబ్ల్యూ6ఏఏక్యూ సంకేతంతో మాట్లాడిన డాన్ జాన్సన్ పేరు దానితో ముడిపడిపోయింది. దానికి బరువైన బ్రాకెట్టు, అల్లిక పట్టీలు, మోటారుకు వేరే తీగ, ఆ తీగ మీద రొద ఆపే ఫెర్రైటు, డ్యాష్‌బోర్డులో స్విచ్చు కావాలి. ఆటవెలదిలో పట్టే సరుకు కాదు, సీసం రాయాల్సిందే.